ఎవరి అక్షరం వాళ్లు వదులుకున్న రోజు

నవంబరు 22 అల్బేనియన్లకు అక్షరమాల దినోత్సవం. అల్బేనియాలోనూ కొసావోలోనూ ఆ రోజు బడి పిల్లలు అక్షరాల పాటలు పాడతారు, పెద్దలు సభలు జరుపుకుంటారు. పొరుగునున్న ఉత్తర మాసిడోనియాలో అల్బేనియన్లకు అది ప్రభుత్వ సెలవు దినం. స్వాతంత్ర్య దినోత్సవం వాళ్లకు ఆ తర్వాత ఆరు రోజులకే, నవంబరు 28న వస్తుంది. చరిత్రలోనూ అదే వరస. ముందు 1908లో అక్షరాలు తేల్చుకున్నారు, 1912లో దేశం ప్రకటించుకున్నారు.

భాషకు ఒక రోజు మనకూ ఉంది. గిడుగు రామమూర్తి పంతులుగారు పుట్టిన ఆగస్టు 29ని తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకుంటున్నాం. పండుగ రోజులు చాలావరకు అలాగే ఏర్పడతాయి. ఒక మహానుభావుడి పుట్టుకో, ఒక యుద్ధంలో గెలుపో, ఒక రాజ్యం పోయి ఇంకొకటి వచ్చిన తేదీయో కారణమవుతుంది. అల్బేనియన్ల పండుగకు కారణం ఒక సభ. 1908 నవంబరు 14న మొదలై 22న ముగిసింది. ఒకరి చేతి రాత ఇంకొకరికి పరాయిదిగా కనిపించే మనుషులు ఒక ఇంట్లో కూర్చుని, తొమ్మిది రోజుల్లో ఒక మాట మీదికి వచ్చిన తేదీ అది. ఆ సభ గురించి చదివిన నాటి నుంచి నాకు దాని మీద ఒక అభిమానం ఏర్పడిపోయింది. ఎందుకో చెప్పాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి.

అల్బేనియన్ పాత భాష. ఇండో-యూరోపియన్ కుటుంబంలో దానిది విడి శాఖ, దగ్గరి చుట్టాలు ఎవరూ లేరు. కానీ రాతలో కనిపించేది ఆలస్యంగానే. ఇప్పటికి దొరికిన వాటిలో తేదీ తెలిసిన తొలి వాక్యం 1462 నాటిది. బాప్తిస్మం ఇచ్చేటప్పుడు చెప్పే ఆ ఒక్క వాక్యాన్ని దుర్రెస్ ఆర్చిబిషప్ పాల్ ఎంగ్యెలి ఒక లాటిన్ పత్రంలో రాసిపెట్టాడు. తొలి అచ్చు పుస్తకం గ్యోన్ బుజుకు అనే కేథలిక్ పూజారి తెచ్చిన ప్రార్థన గ్రంథం, 1555 నాటిది. దాని ప్రతి ప్రపంచం మొత్తం మీద ఒక్కటే మిగిలింది, అది వాటికన్ గ్రంథాలయంలో ఉంది. ఒక జాతి సాహిత్యానికి మొదటి పుస్తకం ఒకే ఒక్క ప్రతిగా, అదీ పరాయి ఊళ్లో బతికి ఉండటం తలచుకుంటే గుండె ఝల్లుమంటుంది. ఆ ఒక్కటీ చెదలు పట్టి ఉంటే?

ఆటోమన్ పాలనలో మనుషుల్ని మతాన్ని బట్టి లెక్కవేసేవారు, భాషను బట్టి కాదు. అల్బేనియన్లలో ముస్లింలున్నారు, ఆర్థొడాక్స్ క్రైస్తవులున్నారు, ఉత్తరాన కేథలిక్కులున్నారు. ఇంట్లో మాట్లాడే భాష అందరిదీ ఒకటే. బడికి పోతే మాత్రం ముస్లిం పిల్లవాడికి తుర్కీ, ఆర్థొడాక్స్ పిల్లవాడికి గ్రీకు నేర్పేవారు. అక్షరాలూ అలాగే చీలిపోయాయి. అల్బేనియన్ మాటనే ముస్లిం కవి అరబ్బీ అక్షరాల్లో రాశాడు, దక్షిణాది క్రైస్తవుడు గ్రీకు అక్షరాల్లో రాశాడు, ఉత్తరాది ష్కోదర్ పట్నపు కేథలిక్ లాటిన్ అక్షరాల్లో రాశాడు. ముగ్గురూ ఎదురుపడితే హాయిగా కబుర్లు చెప్పుకోగలరు. ఒకరికొకరు ఉత్తరం రాసుకోలేరు.

వాళ్లకు ఆ అక్షరాల మీద ఉన్న మమకారాన్ని తక్కువ చేసి చూడకూడదు. నా చిన్నప్పుడు మా బడిలో నా పక్కన కూర్చునే స్నేహితుడు పగలంతా నాతోపాటు తెలుగు వాచకం చదివి, సాయంత్రం మసీదులో అరబ్బీ అక్షరాలు దిద్దేవాడు. ఆ పుస్తకాన్ని వాడు నేల మీద పెట్టేవాడు కాదు. చేతులు కడుక్కోకుండా ముట్టుకునేవాడు కాదు. దేవుడి మాట ఏ అక్షరాల్లో ఉందో ఆ అక్షరాలకు పవిత్రత వచ్చేస్తుంది. మనం 'ఓం నమః శివాయ' రాయించి అక్షరాభ్యాసం చేయడంలోనూ ఉన్నది అదే భక్తి. అల్బేనియాలో ఏ వర్గానికి ఆ వర్గం తన లిపిని పట్టుకుని వేలాడిందంటే, దాని వెనక మూర్ఖత్వం చూడటానికి నాకు మనసు రాదు.

ఈ చిక్కును విప్పడానికి ఒక మనిషి చేసిన ప్రయత్నం నాకు మరీ ఇష్టం. నౌమ్ వెచిల్హార్జి అనే ఆయన విత్‌కుచ్ అనే ఊళ్లో పుట్టి, రొమేనియాలో న్యాయవాదిగా స్థిరపడ్డాడు. లాటిన్ రాస్తే ఒకరికి కోపం, గ్రీకు రాస్తే ఇంకొకరికి, అరబ్బీ రాస్తే మిగిలినవాళ్లకి. అందుకని ఏ మతంతోనూ పోలిక లేని కొత్త అక్షరాలు 33 తానే గీశాడు. 1844లో ఆ అక్షరాలతో ఒక చిన్న వాచకం అచ్చువేశాడు. అంతకు ముందే ఎల్బసాన్ పట్నంలో కూడా ఇలాంటి సొంత లిపులు పుట్టాయి. ఏదీ నిలవలేదు. కొత్త అక్షరాలకు అచ్చు దిమ్మలు పోత పోయించాలి, పంతుళ్లను తయారుచేయాలి, బళ్లు కావాలి. అడుగడుగునా డబ్బూ అధికారమూ కావాలి. ఆయన దగ్గర రెండూ లేవు. కానీ ఎవరి మనసూ నొప్పించని అక్షరం కోసం ఒక మనిషి ఒంటరిగా కూర్చుని గీతలు గీసుకున్నాడన్న సంగతి నాకు చాలా పెద్దదిగా కనిపిస్తుంది.

1879లో ఇస్తాంబుల్‌లో ఇంకో ప్రయత్నం జరిగింది. ఈసారి చేసినవాడు మహా పండితుడు. సామి ఫ్రాషెరి తుర్కీ భాషకు గొప్ప నిఘంటువు కూర్చినవాడు, విజ్ఞాన సర్వస్వం రాసినవాడు. తుర్కీ చదువుకున్న ప్రతివాడికీ ఆయన పేరు తెలుసు. ఆయనే సొంత భాష కోసం ఒక అక్షరమాల తయారుచేశాడు. ఒక ధ్వనికి ఒకే అక్షరం ఉండాలన్నది ఆయన పట్టుదల. ఎక్కువ భాగం లాటిన్ నుంచి తీసుకున్నాడు, చాలనిచోట గ్రీకు నుంచి కొన్ని, కొత్తగా కల్పించినవి కొన్ని చేర్చాడు. ఆ అక్షరాలతో వాచకాలు వచ్చాయి, పత్రికలు వచ్చాయి. ప్రభుత్వం త్వరలోనే అనుమానించి నిషేధించింది. అల్బేనియన్ పుస్తకాలు అచ్చువేయడానికి బుఖారెస్ట్‌కో సోఫియాకో పోవలసి వచ్చింది. అచ్చయినవి కొండదారుల్లో దొంగచాటుగా ఊళ్లు చేరేవి.

1887 మార్చి 7న కోర్చ పట్నంలో అల్బేనియన్ భాషలో చెప్పే బడి తెరిచారు. ముస్లిం పిల్లలూ క్రైస్తవ పిల్లలూ ఒకే గదిలో కూర్చున్నారు. అటు ప్రభుత్వానికీ ఇటు గ్రీకు చర్చికీ అది నచ్చలేదు. 1902లో మూయించారు. అల్బేనియాలో మార్చి 7 ఇప్పటికీ ఉపాధ్యాయ దినోత్సవమే. ఆ కాలంలో అక్షరం నేర్పడం ఎంత ప్రమాదమో తెలియాలంటే క్రిస్తో నెగొవాని కథ చాలు. ఆయన ఆర్థొడాక్స్ పూజారి. సొంత ఊళ్లో, సొంత ఇంట్లో పిల్లలకు అల్బేనియన్ రాయడం నేర్పాడు. చర్చిలో గ్రీకుకు బదులు ఊరివాళ్లకు అర్థమయ్యే భాషలో పూజ చేశాడు. 1905 ఫిబ్రవరిలో గ్రీకు సాయుధ ముఠా వచ్చి ఆయన్ని చంపేసింది. దేవుడితో సొంత భాషలో మాట్లాడినందుకు ఒక పూజారి ప్రాణం పోయింది.

1908 జులైలో ఆటోమన్ రాజ్యంలో యువ తురుష్కుల విప్లవం వచ్చి నిషేధాలు సడలాయి. ఊరూరా అల్బేనియన్ క్లబ్బులు వెలిశాయి. కొద్ది నెలల్లోనే మనాస్తిర్ పట్నంలో, ఇప్పుడది ఉత్తర మాసిడోనియాలోని బిటోలా, ఫెహీమ్ జవలాని అనే ఆయన ఇంట్లో లిపి సభ పెట్టారు. పాతిక దాకా పట్నాల నుంచీ సంఘాల నుంచీ సుమారు 50 మంది వచ్చారు. ముస్లింలు, ఆర్థొడాక్సులు, కేథలిక్కులు, కొద్దిమంది ప్రొటెస్టెంట్లు. ప్రతినిధుల్లో ఒకే ఒక్క మహిళ పరాష్కెవి కిరియాజి, వయసు 28. అమ్మాయిల బడిలో పంతులమ్మ.

ఆ గదిలో ఎవరెవరున్నారో తెలిస్తే చిక్కు ఎంత గట్టిదో అర్థమవుతుంది. అప్పటికి మూడు అక్షరమాలలు గట్టిగా పోటీలో ఉన్నాయి. ఒకటి సామి ఫ్రాషెరిది. ఆయన 1904లోనే చనిపోయాడు. కానీ సభకు అధ్యక్షుడు మిత్‌హత్ ఫ్రాషెరి, సామికి అన్న కొడుకు. పినతండ్రి ఆస్తిలాంటి అక్షరమాల ఉండాలో పోవాలో తేల్చే సభకు ఆయన పెద్దరికం వహించాలి. రెండోది ష్కోదర్ కేథలిక్కులు 1899లో పెట్టిన 'బష్కిమి' సంఘంవారిది. పూర్తిగా లాటిన్ అక్షరాలే, చాలని ధ్వనులకు రెండేసి అక్షరాలు కలిపి రాస్తారు. ఆ సంఘం స్థాపకుల్లో ఒకడైన ఫ్రాన్సిస్కన్ సన్యాసి, కవి గ్యెర్గ్ ఫిష్టా ఇక్కడ అక్షరమాల నిర్ణయ సంఘానికి అధ్యక్షుడయ్యాడు. మూడోది కవి, పూజారి న్‌డ్రె మ్యెదాది. లాటిన్ అక్షరాల మీద గుర్తులు పెట్టి రాసే పద్ధతి. ఆ కవీ సభలో ఉన్నాడు. సొంత ఇంటి అక్షరాలు, సొంత సంఘం అక్షరాలు, సొంతంగా కూర్చుకున్న అక్షరాలు ఉన్నవాళ్లు తీర్పరులుగా కూర్చున్నారు. వీళ్లు ఒక మాట మీదికి వస్తారని నేనైతే పందెం కాసేవాణ్ణి కాదు.

పదకొండుమందితో నిర్ణయ సంఘం వేశారు. వాళ్లు ఏది చెబితే దానికి కట్టుబడతామని అందరూ 'బెసా' చెప్పారు. అల్బేనియన్ల దృష్టిలో ఇచ్చిన మాటకు ప్రాణం కంటే విలువ ఎక్కువ. ఆ మాటే బెసా. తాను ఏ అక్షరమాల తరఫునా వాదించడానికి రాలేదని, సభ ఏది మేలంటే దాన్ని తలదాల్చడానికి వచ్చానని ఫిష్టా ప్రసంగించాడు. అది విని ఒక ముస్లిం మతగురువు లేచి వెళ్లి ఆ కేథలిక్ సన్యాసిని కౌగిలించుకున్నాడని అల్బేనియన్లు ఈనాటికీ చెప్పుకుంటారు.

తేలింది ఏమిటి? ఒక్కటి కాదు, రెండు అక్షరమాలలు ఉండాలని తేలింది. సామి అక్షరమాలను ఉంచారు, ఎందుకంటే దానితో అప్పటికే పుస్తకాలూ పాఠకులూ ఉన్నారు. బష్కిమికి దగ్గరగా ఉండే పూర్తి లాటిన్ అక్షరమాలను కూడా ఒప్పుకున్నారు, ఎందుకంటే యూరప్‌లో ఏ అచ్చుకూటంలోనైనా ఆ దిమ్మలు దొరుకుతాయి, తంతి పంపాలన్నా అవే పనికొస్తాయి. బడుల్లో రెండూ నేర్పాలన్నారు. మ్యెదా కూర్చిన అక్షరమాల పూర్తిగా పక్కకు పోయింది. చూడగానే ఇది సగం నిర్ణయంలా అనిపిస్తుంది. పిల్లలకు రెట్టింపు భారం కదా అనిపిస్తుంది. నాకు మాత్రం ఇందులోనే ఆ సభ పెద్దమనసు కనిపిస్తుంది. ఓట్లు లెక్కపెట్టి ఒకదాన్ని కొట్టేసి ఉంటే, ఓడినవాళ్లు ఇంటికి పోయి పాత రాతే రాసుకునేవారు. మూడో దారి చూపించి, రెంటినీ జనం చేతికిచ్చి, కాలం తేలుస్తుందని నమ్మారు. కాలం తేల్చింది. కొద్ది ఏళ్లలో సామి అక్షరమాల వాడుక తగ్గి, లాటిన్ అక్షరమాల ఒక్కటే నిలిచింది. అదే నేటి 36 అక్షరాలు. అచ్చులు 7, హల్లులు 29. వాటిలో తొమ్మిది జంట అక్షరాలు. చూపుకు రెండు, లెక్కకు ఒకటి. నిఘంటువులో వాటికి విడి చోటు. సామి పట్టుదల పోలేదు కూడా. ఒక ధ్వనికి ఒకే రాత అన్న ఆయన సూత్రం ఆ జంట అక్షరాల్లో ఇప్పటికీ బతికే ఉంది.

సభ ముగిసినా గొడవ ముగియలేదు. అల్బేనియన్ ముస్లింలు లాటిన్ అక్షరాలు రాస్తే చేజారిపోతారని యువ తురుష్కులకు భయం పట్టుకుంది. అరబ్బీ లిపే రాయాలని ఒత్తిడి తెచ్చారు. సభలు పెట్టించారు. ఆటోమన్ రాజ్యపు పెద్ద మతాధికారి షేక్ ఉల్ ఇస్లాం అందుకు ఫత్వా ఇచ్చాడు. 1910 ఫిబ్రవరిలో కోర్చ వీధుల్లోకి వేలమంది వచ్చి మనాస్తిర్ అక్షరాలే కావాలన్నారు. ముస్లిం పండితుల్లోనే హాఫిజ్ అలీ కోర్చ వంటివాళ్లు లాటిన్ అక్షరాలను సమర్థించారు. ఏప్రిల్‌లో అదే మనాస్తిర్‌లో రెండోసారి సభ జరిగి పాత నిర్ణయాన్నే గట్టిపరిచింది. ఆ తర్వాత 18 ఏళ్లకు, 1928 నవంబరులో, తుర్కీ దేశమే అరబ్బీ లిపిని వదిలి లాటిన్ అక్షరాలకు మారింది.

పరాష్కెవి కిరియాజి 1909లో కొత్త అక్షరాలతో పిల్లల వాచకం తెచ్చింది. సభ తీర్మానం పుస్తకంగా మారి పిల్లల ఒళ్లోకి రావడానికి ఏడాది పట్టిందంతే. సభకు వచ్చినవాళ్లలో ఒకడైన లుయిజ్ గురాకుచి అదే ఏడాది ఎల్బసాన్‌లో ఉపాధ్యాయ శిక్షణ పాఠశాలకు మొదటి అధిపతి అయ్యాడు. తీర్మానాలు చేసి చేతులు దులుపుకోని సభ ఇది. వాచకం, పంతులు, బడి మూడింటినీ తామే మోశారు.

అక్షరాలిచ్చిన ఈ మనుషులకు దేశం ఏమిచ్చిందో రాయాలంటే చేయి బరువెక్కుతుంది. గురాకుచిని 1925లో ఇటలీలోని బారి నగరంలో కాల్చి చంపారు. ఫిష్టా 1940లో చనిపోయాడు. తర్వాత వచ్చిన కమ్యూనిస్టు ప్రభుత్వం ఆయన పుస్తకాలన్నీ నిషేధించింది, సమాధిని కూడా వదల్లేదు. 1990 దశకం దాకా అల్బేనియా పిల్లలు తాము రాసే అక్షరాలను తేల్చిన సంఘం అధ్యక్షుడి కవిత ఒక్కటీ బడిలో చదవలేదు. సభాధ్యక్షుడు మిత్‌హత్ కమ్యూనిస్టులను ఎదిరించి దేశం విడిచి, 1949లో న్యూయార్క్‌లో మరణించాడు. ఆయన అస్థికలు 2018లో గాని సొంత నేల చేరలేదు. ఆయన్ని ద్రోహి అని రాసిన ప్రతి పుస్తకమూ ఆయన అధ్యక్షతన తేలిన అక్షరాల్లోనే అచ్చయింది.

మన దేశానికి ఆ అక్షరాలతో ఒక బంధం ఉంది. సభ జరిగిన రెండేళ్లకు, 1910 ఆగస్టు 26న, ఇప్పుడు ఉత్తర మాసిడోనియాలోనే ఉన్న స్కోప్యేలో ఒక అల్బేనియన్ కేథలిక్ ఇంట ఒక ఆడపిల్ల పుట్టింది. ఇంటిపేరు బొయాజియు. 1929లో కలకత్తా వచ్చి మదర్ థెరిసా అయింది. అల్బేనియన్‌లో 'జ'ను ఎక్స్, హెచ్ రెండు అక్షరాలు కలిపి రాస్తారు. ఆ జంట అక్షరం ఆమె ఇంటిపేరులో ఉంది. అల్బేనియాను నలభై ఏళ్లు ఏలిన నియంత ఎన్వర్ హోజా పేరులోనూ అదే ఉంది. మదర్ థెరిసా తల్లీ అక్కా అల్బేనియా రాజధాని తిరానాలో ఉండేవారు. తల్లిని ఒక్కసారి చూసిపోతానని ఆమె ఎంత అడిగినా ఆ ప్రభుత్వం రానివ్వలేదు. తల్లి 1972లో, అక్క మరుసటి ఏడాది చనిపోయారు. ఆమె అల్బేనియాలో అడుగుపెట్టగలిగింది 1989లో. అక్షరాలు కలిసినంత తేలిగ్గా మనుషులు కలవరు. ఈ సంగతి నన్ను ఇప్పటికీ బాధపెడుతుంది.

అయినా ఆ అక్షరాలు చేసిన మేలు చిన్నది కాదు. ఇరవయ్యో శతాబ్దంలో అల్బేనియన్లు సరిహద్దుల మధ్య ముక్కలయ్యారు. అల్బేనియా ఒక పక్క, యుగోస్లావియాలో చిక్కుకున్న కొసావో ఇంకో పక్క. 1990ల్లో కొసావోలో అల్బేనియన్ పిల్లలను బడి భవనాల నుంచి వెళ్లగొడితే, పంతుళ్లు ఇళ్లలో పాఠాలు చెప్పారు. ఆ ఇళ్లలో పిల్లలు దిద్దిన అక్షరాలూ, తిరానాలో పిల్లలు దిద్దిన అక్షరాలూ ఒకటే. మతం పేరున చీలిక ఏనాడూ ఆ అక్షరాల్లోకి రాలేదు. మన ఉపఖండాన్ని తలచుకుంటే దీని విలువ తెలుస్తుంది. హిందీ, ఉర్దూ మాట్లాడేవాళ్లు బజారులో ఒకరికొకరు అర్థమవుతారు. నాగరి, ఫార్సీ లిపుల పేరున జరిగిన తగవు వాళ్లను రెండు జాతులన్నంత దూరం నెట్టింది. పంజాబీ అటు షాముఖిలో, ఇటు గురుముఖిలో ఉండిపోయింది. అక్కడ కూడా ఒక మనాస్తిర్ జరిగి ఉంటే అని అనుకోకుండా ఉండలేను.

ఇంకా దగ్గరికి వస్తాను. 2011 జనగణన ప్రకారం గోండీ మాట్లాడేవాళ్లు దాదాపు 30 లక్షల మంది. మధ్యప్రదేశ్, మహారాష్ట్ర, ఛత్తీస్‌గఢ్, తెలంగాణ ఇలా రాష్ట్రాల మధ్య పంచుకుపోయారు. ఒకచోట గోండీని దేవనాగరిలో రాస్తారు, మన దగ్గర తెలుగు లిపిలో రాస్తారు. 1918లో మున్షీ మంగళ్ సింగ్ మసారం ఒక లిపి తయారుచేశాడు. ఆదిలాబాద్ ప్రాంతంలోని గుంజాలలో గోండుల పాత చేతిరాత పుస్తకాలు దొరికాయి. ఆచార్య జయధీర్ తిరుమలరావు వంటివారి కృషితో ఆ పుస్తకాల్లోని లిపి లోకానికి తెలిసింది. 2018లో గుంజాల గోండి లిపికి యూనికోడ్‌లో చోటు వచ్చింది. వెచిల్హార్జి గీసిన 33 అక్షరాలకూ 2021లో అదే యూనికోడ్‌లో చోటు దొరికింది. ఒకటి చరిత్రగా మిగిలిన లిపి. ఇంకొకటి ఇంకా భవిష్యత్తు ఉన్న లిపి.

గోండీకి ఏ లిపి ఉండాలన్నది గోండులు కూర్చుని తేల్చుకోవలసిన మాట. నాగరి మేలా, తెలుగు మేలా అని మనం పక్కన నిలబడి సలహాలు చెప్పడం తగదు. మన లిపి వాళ్లకు చాలదా అని నొచ్చుకోవడం అంతకంటే తగదు. వాళ్ల సభ జరిగిన రోజున, అది గుంజాలలో జరిగినా గోండియాలో జరిగినా, నాలుగు రాష్ట్రాల ప్రభుత్వాలూ ఆ నిర్ణయాన్ని తలదాల్చాలి. వాచకాలు అచ్చువేయించాలి, గోండీ వచ్చిన పంతుళ్లను ఆ బళ్లలో వేయాలి. ఆ మాట ఇప్పటి నుంచే అడగవలసిన బాధ్యత, సొంత లిపిలో హాయిగా చదువుకుని ఈ వ్యాసం చదువుతున్న మనందరిదీ.